మీర్ సాబు రాసిన హాజా

ముప్పై అయిదేళ్లుగా నేనొక చుక్కను మోస్తున్నాను. ఉర్దూ అక్షరం నెత్తిన పెట్టే చుక్క. నుక్తా అంటారు. ఆవగింజలో సగం ఉంటుంది. దీనికింత ఆయాసమా అని నవ్వితే నవ్వండి. మొదట్లో నేనూ అలాగే అనుకున్నాను, చుక్కే కదా అని. తరవాత అన్నం ముందు కూర్చున్నా అదే, దండం పెట్టుకుంటూ కళ్లు మూసుకున్నా అదే.

మీరెవరో నాకు తెలియదు. అదే నాకు ధైర్యం. తెలిసినవాళ్లకు చెబుదామని ఎన్నిసార్లో గొంతు సవరించుకున్నాను. చివరికి ఈసారి ఎండలు ముదిరాయని ఏదో అనేసి ఊరుకున్నాను. నా పేరు అడగకండి. లాల్‌దర్వాజా గల్లీలో అద్దె ఇంట్లో పుట్టి, అదే గల్లీలో ముసలివాడైన ఒక తర్జుమా గుమాస్తా. అంతవరకు చాలు.

తర్జుమా గుమాస్తా అంటే ఏమిటో ఇప్పటివాళ్లకు చెప్పాలి. నిజాం ప్రభుత్వం పోయిన కొత్తలో మా దఫ్తరులో కాగితాలన్నీ ఉర్దూలో ఉండేవి. పై అధికారులుగా వచ్చినవాళ్లకేమో ఉర్దూ రాదు, ఇంగ్లీషు కావాలి. ఆ ఉర్దూకీ ఈ ఇంగ్లీషుకీ మధ్య ఒక బల్ల, దాని వెనక నేను. నేను ఏది రాసి పంపితే అదే పైవాళ్లకు నిజం. ఈ సంగతి నాకు తట్టలేదని బుకాయించను. తట్టింది. ఆ బల్ల వెనక కూర్చుంటే నడుము కొంచెం నిటారుగానే ఉండేది.

భయమూ ఉండేది. ఉర్దూ తప్ప ఇంకేమీ రానివాళ్లను ఒక్కొక్కరినే ఇంటికి పంపుతున్న రోజులవి. నా పక్క బల్ల ఆయన ఒక అర్జీలో తారీఖు తప్పుగా తర్జుమా చేశాడని ఒక మధ్యాహ్నం కొలువులోంచి తీసేశారు. ఆయన గొడుగు నెలల తరబడి గోడకు వేలాడింది. ఎవరూ వచ్చి తీసుకుపోలేదు. ఈ గొడుగును కాస్త గుర్తుపెట్టుకోండి.

ఇక బారాదరి సంగతి. మా గల్లీ చివర రెండు మలుపులు తిరిగితే గవాయీల బారాదరి ఉండేది. గవాయీ అంటే పాటగాడు, బారాదరి అంటే పన్నెండు ద్వారాల మండపం. పన్నెండు కమానులు, మధ్యన ఒకటే పెద్ద గది. ఎవరో జాగీర్దారు తాతలు పాటకచేరీల కోసమే కట్టించారు. ఎక్కడెక్కడి గాయకులో వచ్చి అక్కడ పాడి వెళ్లారని మా నాన్న చెప్పేవాడు. నాకు ఊహ తెలిసేసరికే డంగుసున్నం పెచ్చులు పెచ్చులుగా రాలుతుండేది. కప్పు మీద పిచ్చిమొక్కలు, కమానుల్లో పావురాలు. ఉత్తరం మూల కప్పు కుంగి, వానాకాలం కింద ఇత్తడి గంగాళం పెట్టేవారు. అయినా ఆ గదికి ఒక గుణం ఉండేది. మధ్యలో కూర్చుని మామూలుగా మాట్లాడినా సరే, మాట గుండ్రంగా లేచి నాలుగు మూలలకూ పోయేది. బయట గొంతులో ఉండే గరుకు అక్కడ ఉండేది కాదు. ఎందుకో ఎవరికీ తెలియదు. గోడల మహిమ అనేవారు.

జాగీర్లు పోయాక బారాదరి సర్కారుకు వచ్చింది. దాన్ని కనిపెట్టుకుని ఉన్నది ఒక్క ముసలి సారంగీ ఉస్తాద్. పక్క గదిలో ఆయన చాప, ఆయన సారంగీ, ఒక పొయ్యి. పొద్దున్నే నలుగురైదుగురు శిష్యులు వచ్చేవారు. హిందువు, ముసల్మాను అని లేదు. అందరం ఆయన్ని ఉస్తాద్ అనే పిలిచేవాళ్లం.

అందరం అంటున్నాను చూడండి. నేనూ ఒకప్పుడు ఆ చాప మీద కూర్చున్నవాడినే. ఇరవై ఏళ్ల వయసులో, రెండేళ్ల పాటు, తెల్లవారి స్నానం చేసి వెళ్లి ‘సా’ పట్టుకుని కూర్చున్నాను. రెండేళ్లయ్యాక ఒక రోజు ఉస్తాద్ సారంగీ పక్కన పెట్టి నవ్వుతూ అన్నాడు: “కాన్ అచ్ఛే హైం బేటా తుమారే. గలా నై.” నీ చెవులు మంచివి, గొంతు లేదు అని. ఎగతాళిగా అనలేదు. ప్రేమగానే అన్నాడు. వచ్చి వింటూ ఉండు, వినేవాళ్లూ కావాలి కదా అని కూడా అన్నాడు. నేను మళ్లీ వెళ్లలేదు.

నేను మానేసిన ఏడాదే మా తమ్ముడు వెళ్లడం మొదలుపెట్టాడు. నర్సింగ్. నాకంటే ఏడేళ్లు చిన్న. వాడికి గొంతు ఉంది. ఎంత ఉందో తెలుసుకోవడానికి నా చెవులు చాలు. వాడు పాడుతుంటే నేను కమాను బయట చెప్పులతోనే నిలబడి వినేవాడిని. లోపలికి వెళితే చెప్పులు విప్పాలి కదా, అదొక నెపం. సంతోషంగా ఉండేది. మా తమ్ముడు అని పక్కవాళ్లకు చెప్పుకునేవాడిని. ఆ సంతోషం అడుగున ఇంకొకటి ఉండేది. దాని పేరు నాకు అప్పుడూ తెలుసు.

నాన్న పోయాక ఇల్లు నా మీద పడింది. నర్సింగ్‌కు ఇరవై నాలుగు దాటుతున్నా పొద్దున బారాదరి, సాయంత్రం బారాదరి. మా దఫ్తరులో ఒక జాగా ఖాళీ అయింది. కాళ్లావేళ్లా పడి వాడి పేరు చెప్పించాను. వాడు రానన్నాడు. అమ్మ ఆ రోజు పొయ్యి వెలిగించలేదు. “వీని నోట్ల పాట పెట్టిన దేవుడు కడుపుల ఫికర్ పెట్టకపాయె” అంది. కాసేపటికి ఇంకో మాట కూడా అంది. “ఆ బారాదరి ఉన్నన్ని దినాలు వీడు ఇంటోడు గాడు.” ఈ రెండో మాటను నేను ఎక్కడో దాచుకున్నాను. ఎందుకు దాచుకుంటున్నానో నన్ను నేను అడగలేదు.

ఆ ఏడే బారాదరి ఉంచాలా, కూల్చాలా అని లొల్లి మొదలైంది. ఉస్మాన్‌గంజ్ వ్యాపారులు కొందరు ఆ జాగాలో సరుకుల గోదాము కడితే నలుగురికి పని దొరుకుతుందన్నారు. గల్లీవాళ్లలో సగంమంది, పావురాల కోసం ఇంత జాగా ఎందుకు, పెచ్చు ఊడి ఎవరి తల మీదన్నా పడితే జవాబుదారీ ఎవరు అన్నారు. వాళ్ల మాటా తీసేసేది కాదు. మిగతా సగంమంది, ఇలాంటి గది ఊళ్లో ఇంకోటి లేదు, బాగుచేసి ఉంచండని అర్జీ పెట్టారు. అందులో మొదటి సంతకం ఉస్తాద్ వేలిముద్ర.

మా కొత్త ఆఫీసరు కోస్తా నుంచి వచ్చినవాడు. చెడ్డవాడని అనలేను. ఎవరి పక్షమూ పట్టలేదు. మరమ్మత్తుకు వీలుంటే ఉంచుదాం, వీల్లేకపోతే తీసేద్దాం, మన ఓవర్సీరు చూసి ఏం చెబితే అదే ఖాయం అన్నాడు.

ఓవర్సీరు మీర్ సాబు. ముప్పై ఏళ్లుగా ఊళ్లో గోడలు తట్టి చూసిన మనిషి. తట్టి, చెవి ఆనించి వినేవాడు. బారాదరిని రెండు రోజులు చూశాడు. ఒకటే కాగితం రాసి పెట్టి, మిగతా వివరాలు వారంలో రాస్తానన్నాడు. మూడో రోజు పొద్దున నమాజుకు ముందు కాళ్లూ చేతులూ కడుక్కుని వజూ చేసుకుంటూ గుండె పట్టుకుని కూలిపోయాడు. దఫ్తరు దఫ్తరంతా మయ్యత్‌కు వెళ్లాం. నేనూ మూడు దోసిళ్ల మట్టి వేశాను.

ఆ మర్నాడు ఆయన కాగితం నా బల్ల మీదికి వచ్చింది. ఈ వరస మీరు గమనించాలి. ఇక ఆయన్ని ఎవరూ అడగలేరని నాకు తెలిసిన తరవాతే ఆ కాగితం విప్పాను.

మొత్తం ఎనిమిది వాక్యాలు. ఏడింటిలో లోపాలు. ఉత్తరం మూల కప్పు కుంగింది, రెండు కమానులు బీటలిచ్చాయి, సున్నం ఊడింది, ఇలా. ఎనిమిదోది ఆయన అభిప్రాయం. అది ఇది: ఇమారతె హాజా ఖాబిలె మరమ్మత్ హై.

ఇమారత్ అంటే కట్టడం. హాజా అంటే ‘ఈ’. దఫ్తరు ఉర్దూలో హాజా లేని కాగితం ఉండదు. ఈ ఇల్లు అనడానికి మకానె హాజా, ఈ దఫ్తరు అనడానికి దఫ్తరె హాజా. ఖాబిలె మరమ్మత్ అంటే మరమ్మత్తుకు పనికొచ్చేది. అంతే కదా. కాని మీర్ సాబుది గొలుసుకట్టు రాత. రోజుకు పాతికసార్లు రాసే మాటను ఆయన అరగదీసి అరగదీసి ఒక చిన్న కొక్కెం, పైన ఒక చుక్క, పక్కన ఒక నిలువుగీత చేసి వదిలాడు. ఉర్దూలో ‘నా’ అని రాసినా అంతే. ఒక కొక్కెం, పైన చుక్క, పక్కన నిలువుగీత. దాన్ని తరవాతి మాటకు కలిపి చదివితే అది హాజా కాదు, నా. నాఖాబిలె మరమ్మత్. మరమ్మత్తుకు పనికిరానిది.

పదేళ్లుగా ఆయన రాత చదువుతున్నవాడిని నేను. కళ్లకు గంతలు కట్టినా ఆయన హాజాను పోల్చుకునేవాడిని. పొరపాటు పడ్డాడు పాపం అని ఎవరన్నా నా గురించి అంటే నమ్మకండి. మొదట సరిగ్గానే చదివాను. చదివి, ఉస్తాద్ బతికాడు అనుకున్నాను కూడా. కలం సిరాలో ముంచాను. అప్పుడు మళ్లీ చూశాను. ఇంకోలా కూడా చదవవచ్చని అప్పుడు కనబడింది.

ఎంతసేపు కూర్చున్నానో. బంట్రోతు వచ్చి కూజాలో నీళ్లు నింపి పోయాడు. అమ్మ అన్న మాట గుర్తొచ్చింది. గుర్తొచ్చిందా, నేనే పిలిచానా? బారాదరి పోతే వాడు ఇంటివాడవుతాడు, కొలువులో చేరతాడు, అమ్మ కుదుటపడుతుంది అనుకున్నాను. అన్నీ మంచి మాటలే. ఇన్ని మంచి మాటలున్నప్పుడు వీపంతా చెమట ఎందుకు పట్టింది?

ఈ కట్టడం మరమ్మత్తుకు వీలుకాని స్థితిలో ఉంది అని ఇంగ్లీషులో రాశాను. అక్షరాలు ఏనాడూ అంత పొందికగా రాలేదు. మీర్ సాబు కాగితం మీద మాత్రం నా కలం మొన కూడా ఆనించలేదు. అదీ నా తెలివి. ఎప్పుడైనా పట్టుబడితే చదవడంలో పొరబడ్డాను అనవచ్చు. మహా అయితే నా గొడుగు కూడా గోడకు వేలాడుతుంది. జైలుకు మాత్రం పోను.

తమ్ముడి మేలు కోసం చేశానని చాలా ఏళ్లు చెప్పుకున్నాను. ఇప్పుడు చెప్పుకోను. ఆ గదిలో వాడి గొంతు గుండ్రంగా లేచింది, నాది లేవలేదు. ఆ గదే లేకపోతే అన్నదమ్ములిద్దరం సమానం. ఇదీ అసలు సంగతి. ఇంత చిన్న మాట రాయడానికి ఇన్నేళ్లు పట్టింది, సిగ్గుగా ఉంది.

నేను రాసింది ఆఫీసరు బల్ల మీద పది రోజులు ఉంది. ఆ పది రోజుల్లో ఏ రోజైనా వెళ్లి, సరిగా చూసుకోలేదు సార్, దిద్ది ఇస్తాను అనవచ్చు. రోజూ పొద్దున ఆయన గది గుమ్మం దాకా వెళ్లేవాడిని. గోడ మీద ఆ గొడుగు కనబడేది. వెనక్కి వచ్చి కూర్చునేవాడిని. గొడుగును చూసే ఆగానా, లేక ఆగడానికి గొడుగు దొరికిందా? ఇప్పటికీ తేల్చుకోలేను.

పదకొండో రోజు బారాదరి కమానుకు నోటీసు అంటించారు. ఆ మర్నాడే ఉస్తాద్ దఫ్తరుకు వచ్చాడు. చేతికర్ర, నలిగిన షేర్వానీ, పక్కన నర్సింగ్. నన్ను చూడగానే ముసలాయన ముఖం విప్పారింది. మనవాడే ఉన్నాడిక్కడ, ఇంకేం భయం అన్నట్టు నా భుజం తట్టి లోపలికి వెళ్లాడు. ఎడమ భుజం.

ఆఫీసరు నన్ను కూడా పిలిచాడు. మీర్ సాబు కాగితం తెమ్మన్నాడు. తెచ్చాను. ఉస్తాద్ ఉర్దూలో ఏదో గబగబా చెప్పుకుపోతున్నాడు. నర్సింగ్ దాన్ని తెలుగులో చెప్పాడు.

“సార్, మీర్ సాబ్ ఉస్తాద్ ముందర్నే గోడ తట్టి జూసిండట. ఇంకో నూరేండ్లు నిలవడ్తది, జర బాగుజేస్తె సాలు అన్నడట. మరి నోటీసుల గిట్లెట్ల వచ్చింది అని అడుగుతున్నడు.”

ఆఫీసరు నా ఇంగ్లీషు కాగితం చూశాడు. ఉర్దూ కాగితాన్ని తలకిందులుగా పట్టుకుని అదీ చూశాడు. ఇంకోసారైతే నాకు నవ్వొచ్చేది.

“రెంటికీ తేడా ఏమన్నా ఉందాండీ?” అని నన్ను అడిగాడు. గొంతు మెత్తగానే ఉంది. నా పక్క బల్ల ఆయన్ని పంపేసిన రోజు కూడా మెత్తగానే ఉంది.

“లేదు సార్” అన్నాను.

“రాసింది మీరే, లేదనేదీ మీరే అయితే ఎలాగండీ? ఇంకెవరైనా చదవాలి.”

ఉస్తాద్‌కు చదువు రాదు. ఆయనకు మాట అర్థమై, నర్సింగ్ వీపు మీద చేయి వేసి ముందుకు తోశాడు. “యే పఢ్తా సాబ్. మేరా బచ్చా హై.” వీడు చదువుతాడు, నా బిడ్డే అని.

ఆఫీసరుకు అది నచ్చింది. “మంచిది. మీ మనిషే చదివితే రేపు మీకూ అనుమానం ఉండదు” అన్నాడు.

నర్సింగ్ కాగితం తీసుకుని కిటికీ వెలుతురులోకి వెళ్లాడు. వాడు ఉర్దూ బడిలో మెట్రిక్ దాకా చదివినవాడు. ఏడు వాక్యాలు గడగడా పైకి చదివాడు. ఎనిమిదో దాని దగ్గర ఆగాడు. నేను బల్ల అంచు పట్టుకున్నాను. వాడు తలెత్తి నన్ను చూశాడు. మళ్లీ కాగితం చూశాడు. గోడ మీద గొడుగు వేలాడుతున్న మేకు వైపు కూడా చూశాడేమో, నాకు అలా అనిపించింది. తలుపు తెరిచే ఉంది మరి.

“ఇమారత్...” అన్నాడు. ఊపిరి తీసుకున్నాడు. “నాఖాబిలె మరమ్మత్ హై.”

“ఫిర్ పఢ్ బేటా” అన్నాడు ఉస్తాద్.

మళ్లీ అదే చదివాడు. ఈసారి మధ్యలో ఆగలేదు.

“సాఫ్ హై?” రాత తేటగానే ఉందా అని.

“సాఫ్ హై, ఉస్తాద్.”

ముసలాయన వాడి ముఖంలోకి చాలాసేపు చూశాడు. తరవాత “అచ్ఛా” అన్నాడు. కర్ర కోసం తడుముకున్నాడు. ఆఫీసరు కూల్చివేత ఉత్తర్వు మీద సంతకం పెట్టి, రెండు కాగితాలూ నా చేతికిచ్చాడు.

ఆ సాయంత్రం నర్సింగ్ నా ఎదురుగా కూర్చుని అన్నం తిన్నాడు. కాగితం ఊసెత్తలేదు. నేనే ఉండబట్టలేక, మీర్ సాబ్ రాత అంత తేటగా ఉండదని నసిగాను. “ఔ” అన్నాడు. మజ్జిగ గిన్నె నా వైపు జరిపాడు. వాడి కళ్లను ఆ చుక్క నిజంగానే మోసం చేసిందని నేను అనుకున్నాను. అదృష్టం అనుకున్నాను.

పదిహేను రోజుల్లో నేలమట్టం చేస్తామన్న గుత్తేదారుకు రెండున్నర నెలలు పట్టింది. గడ్డపారలు వంగిపోయాయి. “ఎవడ్రా దీన్ని పనికిరాదని రాసింది? వాన్ని తీస్కరాండ్రి, వాన్తోనే కూలగొట్టిస్త” అని మేస్త్రీ గల్లీ అంతా వినబడేలా అరిచాడు. దఫ్తరుకు పోయే దారి అదే. నేను అన్నం డబ్బా పట్టుకుని పక్కనుంచి నడిచిపోయాను. రోజూ నడిచాను. దారి మార్చుకుంటే ఎవరన్నా ఏమన్నా అనుకుంటారని.

చివరికి కప్పు పగలగొట్టారు. లోపలినుంచి కుండలు బయటపడ్డాయి. మట్టికుండలు. వరసగా బోర్లించి సున్నంలో కూర్చి పెట్టారు ఎప్పటివాళ్లో. గొంతును గుండ్రంగా తిప్పి పంపింది గోడలు కాదు, ఆ కుండలు. నిధి దొరికిందని జనం ఎగబడ్డారు. ఖాళీవని తెలిసి విసిరేశారు. నర్సింగ్ పగలని కుండ ఒకటి ఇంటికి తెచ్చాడు. వాకిట్లో కూర్చుని, దాని మూతికి నోరు దగ్గరగా పెట్టి, సన్నగా ‘సా’ అన్నాడు. కుండ పలికింది. తరవాత దాన్ని అటక మీద పెట్టేశాడు. వాడి నోట నేను విన్న చివరి స్వరం అది.

ఉస్తాద్ చాంద్రాయణగుట్ట దగ్గర మేనల్లుడి ఇంటికి వెళ్లిపోయాడు. అప్పట్లో అది ఊరి బయట. మూడో ఏడు పోయాడు. నర్సింగ్ వెళ్లి భుజం పట్టి వచ్చాడు. నాకు దఫ్తరులో పని ఉందన్నాను. ఉంది కూడా. పని ఎప్పుడు లేదు?

కూల్చిన నాలుగు నెలలకు నర్సింగ్ కొలువులో చేరాడు. అర్జీ నేనే రాశాను, వాడు చదవకుండానే సంతకం పెట్టాడు. అమ్మ మహంకాళమ్మ గుడిలో కొబ్బరికాయ కొట్టింది. వాడు ముప్పై ఏళ్లు పనిచేశాడు, నేను రిటైరయ్యేదాకా నాకు నాలుగు బల్లల అవతలే కూర్చున్నాడు. మంచి గుమాస్తా అనిపించుకున్నాడు. పెళ్లయింది, పిల్లలయ్యారు. బోనాలప్పుడు గల్లీ అంతా గొంతెత్తి పాడుతుంటే వాడు పక్కన నిలబడి చప్పట్లు కొట్టేవాడు. పాడమంటే గొంతు పోయిందనేవాడు. పోలేదు. వాడు మాట్లాడుతుంటే నాకు వినబడుతుంది కదా. నా చెవులు మంచివి.

గోదాము సంగతి కూడా చెప్పాలి. ఆరేళ్ల దాకా కట్టనే లేదు. ఆ జాగాలో ఎడ్లబండ్లు నిలిపేవారు.

ఇన్నేళ్లూ నాకున్న ఊరట ఒక్కటే. నా పాపం నేను ఒక్కడినే మోస్తున్నాననుకున్నాను. పోయిన వేసవిలో అదీ పోయింది.

మేముండే ఇంటి మీద యజమాని వారసులు తగాదా పెట్టారు. పాత కాగితాలు కావాలన్నారు. నాన్న ట్రంకు పెట్టె తెరిచాం. నా కళ్లకు శుక్లాలు, అందుకని నర్సింగే ఒక్కొక్కటీ తీసి చదువుతున్నాడు. మధ్యాహ్నం, కరెంటు లేదు. విసనకర్రతో విసురుకుంటూ వింటున్నాను. ఒక కాగితం విప్పి “మకానె హాజా...” అని మొదలుపెట్టాడు. ఎక్కడా తడబడలేదు. ఎప్పుడో మా ఇంటి గోడ చూసిపోయినప్పుడు మీర్ సాబు రాసిన కాగితం అది.

చదవడం ఆపాడు. వేలు ఆ మాట మీదే ఉంచాడు.

“మీర్ సాబ్ హాజా ఎప్పుడు గిట్లనే రాస్తుండె అన్నా. మన ఇంట్ల ఈ కాగితం సిన్నప్పటిసంది జూసిన. గా బారాదరి కాగితంల గూడ గిట్లనే ఉండె.”

విసనకర్ర నా చేతిలో ఆగిపోయింది. వాడు కళ్లద్దాలు తీసి పంచె చెంగుతో తుడుచుకున్నాడు.

“సదువుట్ల తప్పు ఎవలికైన పడ్తది. గా దినం నేను హాజా అంటె నీ నౌకరి పోతుండె. అమ్మ ఎట్ల బత్కుతుండె? ఉస్తాద్‌కు గూడ సమజైందనుకుంట. ఏమనలె పాపం.”

ఏమన్నా అనాలి కదా. ముప్పై ఏళ్ల పైచిలుకు తరవాత దేవుడు తలుపు తెరిచి పెట్టాడు. నేనేమన్నానో తెలుసా?

“చాయ్ తాగుతవా?” అన్నాను.

“తాగుత” అన్నాడు. తరవాతి కాగితం విప్పాడు.

తప్పు అన్నాడు వాడు. చదవడంలో పడ్డ తప్పు అన్నాడు. ఆ మాట దగ్గరే నేను ఇవాళ్టికీ ఆగిపోయాను. పొరబడ్డ అన్నను కాపాడుకోవడానికి వాడు తన గురువు ముందు అబద్ధం చదివాడు. తను పాడే గదిని తన నోటితోనే కూల్చాడు. ఆ తరవాత పాడటానికి వాడికి మనసు రాలేదు. ఎవరి ముఖం పెట్టుకుని పాడతాడు? ఇదంతా ఒక పొరపాటు కోసం చేశాననుకుంటున్నాడు. ఆ పొరపాటు జరగనే లేదని వాడికి తెలియదు. నేను సరిగ్గా చదివే తప్పు రాశానని, అది కూడా వాడి గొంతును చూసి ఓర్వలేక రాశానని తెలియదు.

చెప్పాలా? చెబితే నాకు తేలికవుతుంది. వాడికి ఏం మిగులుతుంది? అన్న కోసం చేశాను అనే ఒక్క మాట పట్టుకుని వాడు ఇంతకాలం నిలబడ్డాడేమో, దాన్ని కూడా లాక్కోనా? చెప్పకపోవడం దయేనా? లేక ఇదీ ఆ పాత పిరికితనమేనా? ఎంత దగ్గరగా పెట్టి చూసినా రెండూ ఒకలాగే కనబడుతున్నాయి, ఈసారి నిజంగానే పోల్చుకోలేకపోతున్నాను.

అందుకని మీకు చెబుతున్నాను. క్షమించమని అడగను. మీరు క్షమించినా చెల్లదు, అది మీరు ఇవ్వగలిగింది కాదు. ఇవ్వవలసినవాళ్లలో ఒకాయన మట్టిలో ఉన్నాడు. ఇంకొకడు బయట అరుగు మీద కూర్చుని పేపరు తిరగేస్తున్నాడు. వాడి దగ్గు వినబడుతోంది. ఇంకాసేపటికి, అన్నా చాయ్, అని పిలుస్తాడు. వెళతాను.

వెళ్లేముందు ఒక పని మిగిలింది. మీర్ సాబు రాసిన ఎనిమిది వాక్యాల్లో ఏడింటిని నేను ఆ రోజే నిజాయితీగా తర్జుమా చేశాను. ఎనిమిదోది బాకీ ఉండిపోయింది. ఆయన రాసింది రాసినట్టుగా, నేను మొదట చదివింది చదివినట్టుగా, ఇదిగో:

ఈ కట్టడం మరమ్మత్తుకు పనికివస్తుంది.